పదకొండో మైలు దగ్గర ఆగే బండి

1955వ సంవత్సరం, మంచి ఎండాకాలం. ఆత్మకూరు బస్టాండు పక్కన, ఉదయగిరి పోయే రోడ్డు మొదట్లో నాకు ఒక తాటాకుల షెడ్డు ఉండేది. బోర్డు పెట్టలేదు. ఆ చుట్టుపక్కల మోటారు సైకిలు పాడైతే నాలుగు చోట్లా తిరిగి చివరికి నా ముందుకే వచ్చేది కాబట్టి బోర్డు అవసరం రాలేదు. నా గొప్ప నేనే చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి. నలభై ఏళ్ళు గ్రీజులో చేతులు పెట్టినవాడు ఆ మాత్రం చెప్పుకుంటే తప్పేమీ కాదు.

నేను పుట్టింది ఉదయగిరిలో. పేరు మస్తాన్. యుద్ధం రోజుల్లో మిలిటరీ మోటారు వర్క్‌షాపులో చేరి నాలుగేళ్ళు పనిచేశాను. కబుర్లు మోసే సిపాయిల మోటారు సైకిళ్ళు బాగుచేయడం మా పని. యుద్ధం అయిపోయాక అవే బండ్లను మద్రాసులో వేలం వేశారు. అవి ఒకటొకటిగా మా జిల్లాకు వచ్చాయి. కొన్నవాళ్ళకు వాటిని తోలడం వచ్చేది గానీ లోపల ఏముందో తెలిసేది కాదు. ఎందుకంటే వాటికి బ్యాటరీ లేదు.

ఈ సంగతి చదివేవాళ్ళకు కాస్త విప్పి చెప్పాలి. పెట్రోలు ఇంజను నడవాలంటే లోపల నిప్పురవ్వ పుట్టాలి. బస్సులో, కారులో ఆ రవ్వకు కావలసిన కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది. ఈ పాత బండ్లలో మాగ్నెటో అని ఒక ఇనుప డబ్బా ఉంటుంది. అందులో అయస్కాంతం, దాని మధ్య గిరగిరా తిరిగే తీగచుట్ట. సైకిలు చక్రం తిరిగితే డైనమో దీపం వెలిగించినట్టు, ఇంజను తిరిగితే మాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. ఆ కరెంటు స్లిప్ రింగ్ అనే ఒక కంకణం లాంటి దాని మీదికి వస్తుంది. కంకణాన్ని తాకుతూ ఒక చిన్న బొగ్గు ముక్క ఉంటుంది. ఆ బొగ్గు ముక్కను పట్టుకొని ఉండే మూతను పికప్ అంటాం. అక్కడినుంచి లావుపాటి తీగ ప్లగ్గుకు పోతుంది, ప్లగ్గు దగ్గర రవ్వ పడుతుంది. అంతే కథ. బస్సుల షెడ్డులో పనిచేసే మేస్త్రీలకు మాత్రం బ్యాటరీ లేకుండా కరెంటు ఎక్కడినుంచి ఊడిపడుతుందో ఎంత చెప్పినా ఎక్కేది కాదు.

ఒక సోమవారం పొద్దువాలే వేళ పశువుల డాక్టరు సామ్యేలుగారు బండిని తోసుకుంటూ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళ మనిషి, కావలి వైపు క్రైస్తవుల కుటుంబం. ఎప్పుడూ తెల్ల చొక్కా వేసుకునేవాడు. ఆ రోజు ఆ చొక్కా ఎర్రమట్టి రంగులో ఉంది. వెనకనుంచి బండికి చెయ్యి వేసి తోస్తున్నది ఆయన దగ్గర పనిచేసే ఓబయ్య. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ పైకి పంచె, తలకు తుండుగుడ్డ. ఒక చేత్తో బండి తోస్తూ ఇంకో చేత్తో వెడల్పు మూతి థర్మాస్ ఫ్లాస్కు గుండెకు హత్తుకొని ఉన్నాడు.

డాక్టరు ఫ్లాస్కు తీసుకొని మూత తిప్పి నా అరచేతిలో ఒంపాడు. గోరువెచ్చటి నీళ్ళు.

"పొద్దున ఇది ఐసు, మస్తాన్. దాన్లో మందు ఉండినాది. ఇప్పుడు పారబోసేదానికి తప్ప దేనికీ పనికిరాదు."

అప్పుడు ఉదయగిరి కొండ కింది పల్లెల్లో పశువులకు ముసర రోగం తగిలింది. నోరంతా పుండ్లు పడి, జొల్లు కార్చి, పారుకొని, వారం లోపల పశువు పడిపోతుంది. ఒక కొట్టంలో అడుగుపెడితే కొట్టమంతా ఖాళీ. దానికి టీకా ఉంది గానీ ఆ టీకా ఐసులోనే బతుకుతుంది. నెల్లూరు నుంచి మొదటి బస్సులో ఊకలో పెట్టిన ఐసు, మందు సీసాలు వచ్చేవి. డాక్టరు వాటిని ఫ్లాస్కులోకి మార్చుకొని మోటారు సైకిలు మీద ముప్పై మైళ్ళకు పైనే పోయి, ఐసు కరిగేలోపల సూదులు వేయాలి. బస్సు ఆ పల్లెలకు పోదు. ఎడ్లబండి మీద పోతే సగం దారిలోనే మందు చచ్చిపోతుంది. ఈ బండి ఒక్కటే దారి.

"రెండుసార్లు అయింది" అన్నాడాయన. "రెండుసార్లూ పదకొండో మైలు అటూ ఇటూ. తడబడతాది, డుబుక్కుమని ఆగిపోతాది. అరగంట కూర్చుంటే మళ్ళీ స్టార్టవుతాది. రెండు మైళ్ళు పోయి మళ్ళీ అదే కథ. ఊర్లో తిరిగేటప్పుడు ఒక్క రోజు ఆగలేదు. టీకా తీసుకొని పొయ్యేటప్పుడే ఆగతాది."

"పల్లెలో ఏమంటా ఉండారు?"

"రెండు రోజులు పశువుల్ని మేతకు తోలకుండా, నీళ్ళు పెట్టకుండా దొడ్లో కట్టి ఉంచినారు నాకోసం. పోలేరమ్మకు ఇష్టం లేదు, అందుకే బండి ఆపతా ఉండాది అంటా ఉండారంట. గురువారం ఇంకో మోతాదు వస్తాది. ఈ నెలకు అదే ఆఖరు. అది గూడా చెడిపోతే వాళ్ళు పశువుల్ని తోలుకొని రారు. నేను పోయినా మొహం చూడరు."

అప్పటికే పక్క గ్రామం నుంచి రోగం ఆ పల్లె పొలిమేర దాకా వచ్చిందట. అరవై పైచిలుకు పశువులు. మా నెల్లూరు జాతి ఎద్దులు, మూపురం మనిషి భుజాలంత ఎత్తు. నేను ఉదయగిరి వాణ్ణి. ఆ ఎద్దులు ఎవరివో, ఎన్ని ఏళ్ళు పెంచితే అలాంటి జత తయారవుతుందో నాకు తెలుసు.

బండి వైపు చూశాను. వెనక క్యారియరు మీద తాడుతో కట్టిన పెద్ద లారీ బ్యాటరీ కనబడింది.

"ఇదేంది?"

"నెల్లూరులో ఒక మేస్త్రీ కట్టినాడు. బ్యాటరీ లేకపోతే కరెంటు ఎట్ట వస్తాదని..."

ఆ మేస్త్రీ ఎవరో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. బ్యాటరీ తీగలు దేనికీ కలపకుండా ఊరికే ఫ్రేముకు చుట్టి ఉన్నాయి, అదే మా అదృష్టం. మాగ్నెటోకు కలిపి ఉంటే లోపలి అయస్కాంతం బలం చచ్చేది. ఆ బరువు దించి షెడ్డు మూలన పెట్టాను. ఓబయ్య "అమ్మయ్య, అది ఎద్దు మీద రాయి కట్టినట్టు ఉండినాది సాయిబూ" అన్నాడు. ఆ మాటకు నాకు ముసలాయన మీద ఇష్టం కలిగింది.

ఒక్క కిక్కుకు బండి స్టార్టయింది. ప్లగ్గు తీసి ఇంజను తలకు ఆనించి కిక్కు కొడితే నీలంగా, లావుగా రవ్వ పడింది. ఆ చల్లని ఇంజనులో ఏ తప్పూ లేదు. రోగం వేడిలో ఉంది. ఇలాంటి బండిని షెడ్డులో పెట్టుకొని విప్పడం, దగ్గు లేని రోజు డాక్టరు దగ్గరికి పోవడం ఒకటే. బండి ఎక్కడ చస్తుందో అక్కడికి దాన్ని తీసుకుపోవాలి, చచ్చిన నిమిషంలోనే చూడాలి.

"రేపు మధ్యాన్నం ఎండలో పదిహేను మైళ్ళు తోలదాం" అన్నాను డాక్టరుతో. "బండి మీరు తీసుకొనిపొయ్యి రేపు రాండి." ఓబయ్య పక్కనే నిలబడి విన్నాడు. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

మంగళవారం పన్నెండు గంటలకు నేను ముందు, డాక్టరు వెనక. రోడ్డు మీద గాలి పెనం మీంచి వచ్చినట్టు ఉంది. పదో మైలు రాయి దాటాక ఒకసారి తడబడింది. పదకొండో రాయి కనబడుతుండగా ఆగిపోయింది. డాక్టరు మొహం చూస్తే ఎవరో తిట్టినట్టు ఉంది.

నేను దిగీ దిగగానే పని మొదలుపెట్టాను. పెట్రోలు వస్తోంది. ప్లగ్గు తీసి చూస్తే రవ్వ లేదు. గట్టిగా తొక్కితే పసుపురంగులో ఒక సన్నటి వెంట్రుక కనబడీ కనబడక మాయమైంది. కొత్త ప్లగ్గు పెట్టినా అంతే. బండిని ఆపే మీట నుంచి మాగ్నెటోకు ఒక తీగ వస్తుంది. బస్సులో తీగ కలిస్తే ఇంజను నడుస్తుంది. దీన్లో తిరకాసు ఏమిటంటే, ఆ తీగ ఇనుముకు తగిలితే ఇంజను ఆగుతుంది. అది ఎక్కడైనా ఒరుసుకుపోయి ఫ్రేముకు తగులుతోందేమోనని మొదట్లోనే పీకేశాను. అయినా రవ్వ లేదు. పాయింట్లు, అంటే రవ్వకు సమయం చూపే చిన్న తలుపుల్లాంటివి, వాటి సందులో పోస్టుకార్డు దూర్చి చూశాను, సరిగ్గానే ఉంది. లావుపాటి తీగ మార్చాను. లాభం లేదు.

ఇక మిగిలింది మాగ్నెటో కడుపు. దాని పై మూతలన్నీ అద్దంలా తుడిచి ఉన్నాయి, దుమ్ము రేణువు లేదు. పాయింట్ల వైపు మూత తీస్తే లోపల పొడిగా, శుభ్రంగా ఉంది. ఇంత శుభ్రంగా ఉన్నదాన్ని ఇంకో వైపు ఎందుకు విప్పడం అనుకున్నాను. ఆ అనుకోవడమే నా తప్పు. కాని ఆ రోజు నాకు తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. మిలిటరీలో ఇలాంటివి పది చూశాను. కాయిలు లోపల, అంటే ఆ తీగచుట్టలో, ఎక్కడో తీగ సన్నగా తెగి ఉంటుంది. వేడెక్కితే విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది.

అరగంట తర్వాత బండి స్టార్టయింది. తిరిగొచ్చి బస్టాండు టీ కొట్టు ముందు, పదిమంది వింటుండగా, పెద్ద గొంతుతో తీర్పు చెప్పాను.

"కాయిలు పోయినాది డాక్టరుగారూ. మద్రాసుకు పంపి చుట్టించాల. తక్కువంటే పది రోజులు."

డాక్టరు బెంచీ మీద కూర్చుండిపోయాడు. "ఎల్లుండే గదా మస్తానూ గురువారం" అన్నాడు మెల్లగా. టీ కొట్టు దగ్గరివాళ్ళు నా తెలివికి తలలూపారు. ఆ తలల ఊపు అంత చేదుగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

బుధవారం పొద్దున్నే మాగ్నెటో విప్పి నెల్లూరు బస్సుకు ఇవ్వాలని కూర్చున్నాను. పార్సెలులో పికప్ విరిగిపోతుందని ముందు దాన్ని ఊడదీశాను. రెండు మరలు, అంతే. వేలు పెట్టి చూస్తే చివర నల్లటి ముద్ద అంటింది. బొగ్గు ముక్క అరిగితే వచ్చే పొడి పొడిగా ఉంటుంది. ఇది జిగటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆముదం వాసన.

మాగ్నెటోలో ఆముదం ఎందుకుంటుంది? ఇంజను ఆయిలు వాసన నాకు తెలుసు, మిలిటరీ గ్రీజు వాసన తెలుసు. ఈ వాసన మోటారుది కాదు. ఇంకోసారి వాసన చూస్తే చిన్నప్పుడు ఉదయగిరి సంతకు మా నాయనతో ఎడ్లబండి మీద పోయిన దారి అంతా గుర్తొచ్చింది. ఇది కందెన. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో నూరి, బండి ఇరుసు అరగకుండా, కిర్రుమనకుండా పూస్తారే, ఆ కందెన.

షెడ్డు గుంజకు ఆనుకొని ఓబయ్య కూర్చొని ఉన్నాడు. మాగ్నెటోను బస్సు దాకా తానే మోసుకుపోతానని వచ్చాడు. నేను లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. కోపం రాలేదని చెబితే అబద్ధం. కాని పెద్దాయన మొహం చూస్తే అరవడానికి నోరు రాలేదు.

"ఓబయ్య మామా, బండిని రోజూ తుడిచేది నువ్వేనా?"

"నేనే. ఇంకెవుర్ని తాకనిస్తా?"

"మరి ఈ మూత తీసి లోపల ఏమన్నా పూస్తా ఉండావా?"

ఆయన గర్వంగా సర్దుకొని కూర్చున్నాడు. "ఆఁ. దాన్లో ఏందో తిరగతా ఉండాది గదా. ఒకనాడు చెవి పెట్టి వింటే కిర్రు కిర్రుమంటా ఉండినాది. తిరిగేదానికి కందెన లేకపోతే ఎట్టబ్బా? నేనే నూరి కోడి ఈకతో పూస్తా."

"రోజూనా?"

"రోజూ ఎందుకు? దూరం పొయ్యే రోజున. దూరం బాడిగకు పొయ్యేముందు ఇరుసుకు కందెన పెట్టకుండా కాడి ఎత్తం గదా. టీకా తీసుకొని పొయ్యే రోజయితే ఇంకొంచెం దట్టంగా పెడతా. మొన్న నువ్వు పదిహేను మైళ్ళు అన్న్యావు గదా, నిన్న గూడా పెట్టినా."

డాక్టరు చెప్పినది అక్షరాలా నిజం. బండి టీకా తీసుకుపోయే రోజే ఆగుతోంది. నేను బరువు అడిగాను, వేగం అడిగాను, పెట్రోలు ఎక్కడ పోయించారో అడిగాను. ప్రతి ఉదయం ఆ బండిని చేత్తో తడిమే మనిషి నా పక్కనే నిలబడి ఉంటే ఆయన్ను ఒక్క మాట అడగలేదు.

మసి అంటే బొగ్గే. బొగ్గు కరెంటుకు బాట. పికప్ లోపల బొగ్గు ముక్క ఉన్నది అందుకే. కాని అది ఉండాల్సిన చోట ఉన్నప్పుడే మేలు. చల్లగా ఉన్నంతసేపు కందెన ముద్దగా ఒక మూల పడి ఉంటుంది. ఇంజను వేడికి ఆముదం పలచబడి, మసిని మోసుకుంటూ కంకణం చుట్టూ పాకి, అంచు దాటి పక్కనున్న ఇనుము దాకా పోతుంది. ప్లగ్గుకు పోవాల్సిన కరెంటు ఆ దొంగదారిలో జారిపోతుంది. చల్లారితే కందెన మళ్ళీ చిక్కబడుతుంది, బండి మళ్ళీ కదులుతుంది.

ఇదంతా నా బుర్రలో సరిపోయింది. కాని నిన్న కూడా కాయిలు సంగతి బుర్రలో సరిపోయిందిగా. ఈసారి చూసిగానీ నమ్మదలచుకోలేదు. కందెన తుడవకుండా పికప్ మళ్ళీ బిగించాను. ఒక సీసాలో పెట్రోలు, శుభ్రమైన గుడ్డ ముక్కలు, ఒక పెన్సిలు సంచిలో వేసుకున్నాను.

"ఎక్కు మామా, పోదాం" అన్నాను.

ఓబయ్య ఎక్కాడు. పదకొండో మైలు రాయికి రెండు ఫర్లాంగుల ఇవతల బండి ఆగింది. ఇంజను మీద నీళ్ళు పోస్తే సుయ్యిమనేంత వేడి. నేను చల్లారనివ్వలేదు. పికప్ ఊడదీసి, పెన్సిలుకు గుడ్డ చుట్టి, పెట్రోలులో తడిపి, ఆ రంధ్రంలోంచి లోపలి కంకణానికి ఆనించాను. "కిక్కు మెల్లగా తొక్కు మామా, గట్టిగా వద్దు" అన్నాను. ఆయన తొక్కుతుంటే కంకణం గుడ్డ మీద తిరిగింది. గుడ్డ నల్లగా వచ్చింది. మళ్ళీ కొత్త గుడ్డ, మళ్ళీ నలుపు. నాలుగో గుడ్డ తెల్లగా వచ్చింది. పికప్‌ను కూడా కడిగి, తుడిచి, ఎండలో అర నిమిషం ఆరబెట్టి బిగించాను.

ఒక్క కిక్కు కొట్టాను. వేడి ఇంజను, అరగంట చల్లారనివ్వకుండానే, ఆ రోడ్డు మీద మొదటిసారి గర్జించింది.

ఓబయ్య ఆ నల్లగుడ్డలు మూడూ చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది. ఆయన రోడ్డు పక్కన మట్టిలో కూలబడ్డాడు.

"అయితే నేనేనా సాయిబూ ఆపింది? రెండుతూర్లూ నేనేనా?"

నేను ఇంజను ఆపేసి ఆయన ముందు కూర్చున్నాను.

"నాకు జత ఎద్దులు ఉండినాయి" అన్నాడు. "పన్నెండేళ్ళు బండి తోలి బతికినా. ఇదే రోగం. సోమారం ఒకటి, బేస్తారం ఒకటి. బండి ఉండీ లేనట్టే అయింది. ఈ డాక్టరయ్య దగ్గిర పనికి చేరింది గూడా అందుకే. ఇంకోడి దొడ్లో అట్ట కాగూడదని. నేను నా చేతుల్తోనే మందంతా చెడగొట్టినానే."

ఆయన ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. "నువ్వు బండిని ఎద్దుల్ని చూసుకున్నట్టు చూసుకున్న్యావు మామా. నిన్న పదిమంది ముందర కాయిలు పోయిందని అరిచినోణ్ణి నేను. లోపలికి తొంగి చూడకుండా తీర్పు చెప్పినా. మనిద్దరిలో ఎవురిది ఎక్కువ తప్పో తర్వాత తేల్చుకుందాం. లెయ్యి, ఇంకా నాలుగు మైళ్ళు తోలి చూడాల."

నాలుగు కాదు, తొమ్మిది తోలాం. ఇరవయ్యో మైలు దాకా పోయి, వెనక్కి వచ్చాం. నలభై మైళ్ళలో ఆ తడవ తర్వాత ఒక్క దగ్గు లేదు.

ఆత్మకూరు చేరగానే నేరుగా పశువుల ఆసుపత్రికి పోయాం. డాక్టరు వరండాలో ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపలే ఓబయ్య నల్లగుడ్డలు ఆయన కాళ్ళ దగ్గర పెట్టాడు.

"అయ్యా, బండి ఆపింది పోలేరమ్మ కాదు, నేను. కందెన పెట్టినా. నన్ను పన్లోంచి తీసెయ్యండి."

డాక్టరు నా వైపు చూశాడు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను, నా కాయిలు కూత కూడా దాచలేదు. ఆయన వంగి ఆ గుడ్డలు ఎత్తి చూశాడు. కోపంగానే ఉన్నాడు. రెండు మోతాదుల మందు, రెండు రోజులు దొడ్లో కట్టేసిన పశువులు, పల్లెవాళ్ళ మాటలు అన్నీ ఆయనే పడ్డాడు కదా. లేచి అటూ ఇటూ నడిచి, చివరికి ఓబయ్య ముందు ఆగాడు.

"నిన్ను తీసేస్తే రేపు ఫ్లాస్కు ఎవురు పట్టుకుంటారు? అరవై పశువుల్ని ఎవురు వొంచి పట్టుకుంటారు? పొద్దున అయిదు గంటలకు రా. బండి తుడువు. లోపల మాత్రం చెయ్యి పెట్టబాక."

"లోపల గూడా పెట్టనీండి డాక్టరుగారూ" అన్నాను నేను. "ఎట్ట తుడవాలో నేను నేర్పిస్తా." ఆ సాయంత్రమే పెన్సిలు, తెల్లగుడ్డ ఆయన చేతికిచ్చి మూడుసార్లు చేయించాను. నాకంటే శ్రద్ధగా చేశాడు.

తర్వాత టీ కొట్టు దగ్గరికి పోయి, నిన్నటి మాట వెనక్కి తీసుకున్నాను. "కాయిలు పోలేదు. నేను పొరపాటు చెప్పినా" అని అందరికీ వినబడేలా చెప్పాను. ఒకడు నవ్వాడు. నవ్వనీ అనుకున్నాను. మిలిటరీలో నాకు పని నేర్పిన హవల్దారు ఒక్కటే చెప్పేవాడు, తప్పు ఒప్పుకోలేని చెయ్యికి స్పానరు ఇవ్వకూడదని.

గురువారం నాకు పని లేదు. డాక్టరు తోలతాడు, ఓబయ్య వెనక కూర్చొని ఫ్లాస్కు పట్టుకుంటాడు. బండి మీద నాకు చోటు లేదు. కాని షెడ్డులో కూర్చోవడానికి మనసు ఒప్పలేదు. నెల్లూరు నుంచి మందు వచ్చే బస్సు కంటే ముందే ఉదయగిరి వైపు పోయే లారీ ఒకటి ఎక్కి, పదకొండో మైలు రాయి దగ్గర దిగిపోయాను. సంచిలో ప్లగ్గులు, పాయింట్లు, తీగలు, స్పానర్లు, గుడ్డలు, షెడ్డులో ఉన్నవన్నీ ఉన్నాయి. ఆగితే అక్కడే ఆగాలి, అక్కడే నేనుండాలి.

రాయి పక్కన తుమ్మచెట్టు నీడ గుడ్డపేలిక అంత ఉంది. అందులో నిలబడ్డాను. ఎనిమిదిన్నర అయింది, తొమ్మిది అయింది. నా పనితనం మీద నాకు నమ్మకం ఉంది, అయినా చొక్కా తడిసిపోయింది. అంత భయం మిలిటరీలో కూడా పడలేదు.

ముందు చప్పుడు వినబడింది. ఇంజను చప్పుడు విని దాని ఆరోగ్యం చెప్పగలను నేను. డుగ్ డుగ్ డుగ్ అని నిండుగా, ఒకే తీరున వస్తోంది. తర్వాత దుమ్ము కనబడింది. ఆ తర్వాత డాక్టరు తెల్ల చొక్కా.

ఆయన నన్ను చూశాడు. ఆగుతాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను, మర్యాదస్తుడు కదా. ఆగలేదు. ఆగకూడదు కూడా. వెనక ఓబయ్య ఒళ్ళో ఫ్లాస్కును రెండు చేతులా పట్టుకొని ఉన్నాడు. చెయ్యి ఎత్తలేడు కాబట్టి తల ఒక్కటి ఊపాడు. బండి నా ముందునుంచి పదకొండో రాయి దాటి, దుమ్ములో కలిసి, మలుపు తిరిగిపోయింది. చప్పుడు సన్నబడేదాకా విన్నాను. ఎక్కడా తడబడలేదు.

నా జీవితంలో వందల బండ్లు నా ముందు ఆగాయి. నా ముందు ఆగకుండా పోయినందుకు నేను ఏడ్చింది మాత్రం ఆ ఒక్క బండిని చూసే. రోడ్డు మీద ఎవరూ లేరు. ఉన్నా ఏడ్చేవాణ్ణే. గర్వంతో ఏడవడానికి సిగ్గేముంది?

సాయంత్రం ఇద్దరూ మట్టికొట్టుకొని తిరిగొచ్చారు. పల్లెవాళ్ళు మొదట పశువుల్ని తోలుకొని రామన్నారట. ఓబయ్య ఫ్లాస్కు మూత తీసి ఒక ఐసు ముక్క ఊరిపెద్ద అరచేతిలో పెట్టి, తన ఎద్దులు ఎట్ట చచ్చిపోయిందీ చెప్పాడట. అరవై నాలుగు పశువులకు సూది పడింది. ఆ రోజు డాక్టరు నాకు థ్యాంక్స్ చెప్పలేదు. షెడ్డులోకి వచ్చి, మూలన ఉన్న లారీ బ్యాటరీ మీద కూర్చొని, నా కుండలోని నీళ్ళు ముంచుకొని గటగటా తాగాడు. నాకు అదే చాలు.

ఆ కేసు తర్వాత నా పని తీరు మారింది. బండి వస్తే ముందు బండి మీద చెయ్యి వేయను. దాన్ని రోజూ తుడిచేది ఎవరో అడుగుతాను. ఆ మనిషిని కూర్చోబెట్టి టీ ఇప్పించి, ఏమేమి చేస్తున్నాడో చెప్పమంటాను. తిట్టకుండా వింటాను. యంత్రానికి జరిగే కీడులో సగం దాన్ని బాగా చూసుకోవాలనుకునే చేతుల వల్లనే జరుగుతుంది. ఆ చేతులకు కోపంతో ఏదీ నేర్పలేం. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ మొదటి పాఠం ఇదే చెప్పాను. మాగ్నెటో విప్పడం రెండో పాఠం.

ఆ ఏడు వానలు పడ్డాక ఉదయగిరికి పోతూ బస్సు కిటికీలోంచి ఆ పల్లె చేలు చూశాను. దున్నకాలు జోరుగా సాగుతున్నాయి. నేను సీటులోంచి లేచి నిలబడి చూస్తుంటే కండక్టరు నవ్వాడు.

"ఏంది సాయిబూ, నీదేమన్నా పొలం ఉండాదా ఆడ?"

"లేదు" అన్నాను. "ఎద్దుల్ని చూస్తా ఉండా."

కనుచూపు మేర నాగళ్ళు నడుస్తున్నాయి. ఏ కాడి కిందా ఒక్క ఎద్దూ తక్కువ కాలేదు.